బల్లార్షా ఎండకు, బొగ్గు నుసికి ఎలాంటి కంప్యూటర్ క్యాబినెట్ తీసుకోవాలి?

ప్రశ్న: బల్లార్షా, చంద్రపూర్ జిల్లా

అందరికీ నమస్కారం. నేను బల్లార్షాలో పెళ్లి వీడియోల ఎడిటింగు, ఆల్బముల డిజైనింగు చేస్తుంటాను. ఏడేళ్ల నాటి కంప్యూటరును పక్కన పెట్టి, ఈసారి భాగాలన్నీ విడివిడిగా కొని నేనే బిగించుకోవాలని నిర్ణయించుకున్నాను. రైజెన్ 7 7700 ప్రాసెసర్, మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 4060 టీఐ గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మీద బిగించడానికి 155 మిల్లీమీటర్ల ఎత్తున్న కూలర్, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకూ కరెంటు అందించే పెట్టె) ఖాయమయ్యాయి. పాత కంప్యూటరులో ఉన్న మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కులు రెండింటినీ కూడా ఇందులోకే మార్చుకోవాలి. తేలనిది ఇవన్నీ బిగించే పెట్టె, అంటే క్యాబినెట్ ఒక్కటే.

మా పరిస్థితి చెబుతాను. నా పని గది మేడ మీద, నేరుగా స్లాబు కింద ఉంది. మే నెలలో ఇక్కడ ఎండ 46, 47 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. గదిలో ఏసీ లేదు, వేసవిలో నీళ్ల కూలర్ పెట్టుకుంటాము. దానికి తోడు చుట్టూ బొగ్గు గనులు, ఎదుటి రోడ్డు మీద లారీలు. రెండు రోజులు తుడవకపోతే బల్ల మీద వేలితో పేరు రాసుకోవచ్చు. పాత క్యాబినెట్‌కు ముందు భాగం మూసుకుపోయిన ప్లాస్టిక్ పలక ఉండేది. కిందటి వేసవిలో ఒక పెళ్లి వీడియో రెండర్ అవుతుండగా (ఎడిటింగు అయ్యాక తుది వీడియో తయారవుతుండగా) కంప్యూటర్ మూడుసార్లు దానంతటదే ఆగిపోయింది. విప్పి చూస్తే ప్రాసెసర్ కూలర్ రేకుల మధ్య దుమ్ము కంబళి ముక్కలాగా పేరుకుని ఉంది.

ఇప్పుడు నా ముందు రెండు రకాలున్నాయి. మొదటిది ముందు, పక్క అంతా అద్దం, రంగు దీపాల ఫ్యాన్లు ఏడు. ఆల్బమ్ చూడడానికి వచ్చినవారికి బాగా నచ్చుతుందనిపిస్తోంది. రెండవది ముందు ఇనుప జాలీ, మామూలు ఫ్యాన్లు మూడు, చూడడానికి సాదాగా ఉంటుంది. ఫ్యాన్లు ఎన్ని ఎక్కువుంటే అంత చల్లన అని కొట్టాయన అంటున్నారు. జాలీ ఉంటే బొగ్గు నుసి అంతా లోపలికే పోతుందని మా స్నేహితుడు అంటున్నాడు. ఏడు వేల రూపాయల వరకు పెట్టగలను. కంప్యూటర్ బల్లకు కింద చెక్క అర ఉంది, క్యాబినెట్‌ను అందులో పెట్టాలని ఆలోచన. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వండి.

జవాబు: ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

బల్లార్షా మిత్రునికి నమస్కారం. నేను ధర్మాబాద్‌లో పదహారేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నాను. మా ఊళ్లో బొగ్గు లేదు గానీ మిరప మార్కెట్టు ఉంది. సీజనులో అడ్తి కొట్ల నుంచి వచ్చే క్యాబినెట్‌ల మూత తీయాలంటే ముక్కుకు రుమాలు కట్టుకుని కూర్చోవాలి. కాబట్టి దుమ్ము గురించి నేను చెప్పేది పుస్తకంలో చదివింది కాదు.

మొదట కొట్టాయన మాట సంగతి చూద్దాము. మీ ప్రాసెసర్ పూర్తి పనిలో ఉన్నప్పుడు 88 వాట్ల దాకా, గ్రాఫిక్స్ కార్డు 160 వాట్ల దాకా తీసుకుంటాయి. బోర్డు, డిస్కులు, ఎస్‌ఎంపీఎస్‌లో వృథాగా పోయేది కూడా కలిపి మొత్తం 300 వాట్లని అనుకుందాము. నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి నిజంగా లోపలికి వచ్చి బయటికి పోతే, ఆ గాలి గది వేడి కంటే సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కి బయటపడుతుంది. గాలిని రెట్టింపు చేస్తే ఆ తేడా 5 డిగ్రీలకు తగ్గుతుంది, ఇంకొకసారి రెట్టింపు చేస్తే రెండున్నరకు. అంటే మొదటి రెండు మూడు ఫ్యాన్లతో వచ్చేంత మేలు ఆ తర్వాతి నాలుగింటితో రాదు. వాటితో వచ్చేది చప్పుడు, దుమ్ము, కరెంటు తీగల చిక్కు. ‘నిజంగా’ అని ఎందుకన్నానంటే, ఫ్యాన్ డబ్బా మీద రాసే అంకె ఏ అడ్డూ లేనప్పుడు కొలిచినది. అద్దం వెనక ఇరుక్కుని, పక్కనున్న వేలెడు సందులోంచి గాలి పీల్చుకునే ఫ్యాన్ అందులో ఎంత ఇస్తుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇంకొక సంగతి మరచిపోకూడదు. క్యాబినెట్ ఎంత గొప్పదైనా లోపలి వస్తువులను గది వేడి కంటే కిందికి దించలేదు. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల దగ్గర నడిచే ప్రాసెసర్, అదే పని 40 డిగ్రీల గదిలో చేస్తే ఉజ్జాయింపుగా 85కు చేరుతుంది. మీ ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలు, ఆ హద్దు తాకితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. అంటే మే నెలలో మీ చేతిలో మిగిలేది పదో పన్నెండో డిగ్రీలు మాత్రమే. ఇంటర్నెట్‌లో చూసే పరీక్షలు చాలావరకు 20, 25 డిగ్రీల చల్లని గదుల్లో చేసినవి. అక్కడ ‘అద్దానికీ జాలీకీ తేడా అయిదారు డిగ్రీలే’ అంటే అది వారికి చిన్న మాట, మీకు మాత్రం మిగిలి ఉన్న దానిలో సగం.

ఇక మీ స్నేహితుని మాట. జాలీలోంచి దుమ్ము వస్తుందన్నది నిజమే. అయితే అద్దం క్యాబినెట్‌లోకీ వస్తుంది, కాకపోతే కనబడని సందుల్లోంచి వస్తుంది. లోపలికి ఊదే ఫ్యాన్లు ఎక్కువగా, బయటికి తోసే ఫ్యాన్లు తక్కువగా ఉంటే లోపల గాలి ఒత్తిడి కొద్దిగా పెరిగి, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. లోపలికి వచ్చేదంతా ఫిల్టరు దాటుకునే రావాలి. ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టుకుని, పైకప్పు మీది రంధ్రాలను దానితో వచ్చే అయస్కాంతపు జాలీతో కప్పి ఉంచండి.

అందువల్ల కొట్లో మీరు లెక్కపెట్టవలసినవి ఫ్యాన్లు కావు, ఫిల్టరు ఎలా ఊడుతుందో చూడండి. మీ ఊళ్లో దాన్ని పదిహేను రోజులకొకసారి తీసి కడగాలి. రెండు నిమిషాల్లో, స్క్రూడ్రైవర్ లేకుండా ఊడకపోతే మూడో నెల నుంచి ఎవరూ తీయరు, నేనూ తీయను. ముందు పలక చేత్తో లాగితే రావాలి, ఆ పలకకు స్విచ్చు తీగలు అంటుకుని ఉండకూడదు. అన్నిటికంటే మోసం చేసేది ఎస్‌ఎంపీఎస్ కిందనుండే ఫిల్టరు: చాలా క్యాబినెట్‌లలో అది వెనక వైపుకు మాత్రమే ఊడుతుంది, గోడకు ఆనించి పెట్టిన క్యాబినెట్‌కు ఆ ఫిల్టరు ఉన్నట్టే తెలియదు. ముందుకు లేదా పక్కకు జారే రకం చూసుకోండి.

చెక్క అర ఆలోచన మాత్రం మానుకోండి. వెనక నుంచి వచ్చిన వేడి గాలి ఆ అరలోనే తిరిగి ముందు నుంచి మళ్లీ లోపలికి పోతుంది.

జవాబు: బరంపురం, గంజాం జిల్లా

ధర్మాబాద్ వారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను గాని, ఒత్తిడి గురించి ఒక సవరణ అవసరమనిపిస్తోంది. క్యాబినెట్‌తో వచ్చే నైలాన్ ఫిల్టరు దూదిపోగులను, వెంట్రుకలను, ముతక దుమ్మును ఆపుతుంది. బొగ్గు నుసిలో, విద్యుత్ కేంద్రాల బూడిదలో ఉండే మెత్తని పొడిని ఆపలేదు. అంతకంటే ముఖ్యమైనది, ఫిల్టరు మూసుకుపోయిన కొద్దీ ముందున్న మూడు ఫ్యాన్లు ఇచ్చే గాలి ఒక ఫ్యాన్ గాలికి సమానమవుతుంది. అప్పుడు వెనక ఫ్యాన్‌దే పైచేయి అయి, గ్రాఫిక్స్ కార్డు పక్కనుండే స్లాట్ సందుల్లోంచి గాలిని లోపలికి లాగడం మొదలవుతుంది. అంటే మూడు లోపలికి ఒకటి బయటికి అన్న లెక్క కొన్న రోజు లెక్క మాత్రమే, కడగని ఫిల్టరుతో అది తలకిందులవుతుంది. కాబట్టి ఫిల్టరును కడగడంతో పాటు, రెండు మూడు నెలలకొకసారి క్యాబినెట్‌ను వసారాలోకి తీసుకువెళ్లి బ్లోయర్‌తో ఊదడం తప్పదు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అవి అదుపు లేని వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. కడిగిన ఫిల్టరు పూర్తిగా ఆరిన తర్వాతే పెట్టండి.

రెండవ విషయం కొలతలు. దీని గురించి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు, కాని కొన్న తర్వాత బాధపడేది ఎక్కువగా ఇక్కడే. మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం. 305 పొడవుండే పూర్తి ఏటీఎక్స్ బోర్డుకు చేసిన క్యాబినెట్‌లో అది హాయిగా కూర్చుంటుంది, కింద కొంత ఖాళీ కూడా మిగులుతుంది. బోర్డు కింద బిగించే ఇత్తడి కాళ్లను మాత్రం మీ బోర్డు రంధ్రాలకు సరిపోయేటట్టు మార్చుకోండి. అక్కరలేని చోట ఒక కాలు మిగిలిపోతే అది బోర్డు అడుగు భాగానికి తగిలి షార్ట్ అవుతుంది. మీ కూలర్ ఎత్తు 155 అన్నారు, కనుక 160కి తగ్గకుండా చోటిచ్చే క్యాబినెట్ కావాలి. గ్రాఫిక్స్ కార్డు పొడవు తయారీదారును బట్టి మారుతుంది, డబ్బా మీద చూసుకోండి. క్యాబినెట్ వారు చెప్పే హద్దు ముందు ఫ్యాన్లు లేకుండా కొలిచినదైతే దానిలోంచి 25 మిల్లీమీటర్లు తీసివేయాలి. ఎప్పుడైనా ముందు భాగాన నీళ్ల కూలింగు రేడియేటర్ పెట్టాలనుకుంటే ఫ్యాన్‌తో కలిపి 52 నుంచి 55 దాకా పోతుంది. పోల్చుకోవడానికి ఒక కొలమానం చెబుతాను: కోర్సేర్ 4000డి ఎయిర్‌ఫ్లో అనే జాలీ క్యాబినెట్ 360 మిల్లీమీటర్ల కార్డుకు, 170 మిల్లీమీటర్ల కూలర్‌కు చోటిస్తుంది. అదే కొనమని కాదు, ఆ కొలతలకు దగ్గరగా ఉన్నది ఏదైనా మీకు చాలు.

హార్డ్ డిస్కుల గురించి ప్రత్యేకంగా ఆలోచించండి. ఈ కాలపు క్యాబినెట్‌లలో మూడున్నర అంగుళాల డిస్కులకు చోటే ఉండడం లేదు, ఉన్నా ఎస్‌ఎంపీఎస్ పక్కన మూతపెట్టిన గదిలో ఒక చిన్న పంజరం పెడుతున్నారు. దానిలోకి గాలి రాదు. మామూలు డిస్కులకు తయారీదారులు చెప్పే హద్దు సాధారణంగా 60 డిగ్రీలు. 42 డిగ్రీల గదిలో, గాలి ఆడని పంజరంలో, పక్కపక్కన తిరిగే రెండు డిస్కులు ఆ హద్దుకు చేరువలోనే ఉంటాయి. ఆ పంజరానికి ఎదురుగా ముందు ఫ్యాన్ గాలి తగులుతుందో లేదో చూసి తీసుకోండి. పెళ్లివారి వీడియోలు ఉండేది ఆ డిస్కుల్లోనే కదా.

చివరగా రేకు గురించి. మాది గోపాల్‌పూర్ తీరానికి దగ్గర, ఉప్పు గాలి. ఇక్కడ చవక క్యాబినెట్‌లకు మొదట తుప్పు పట్టేది వెనకనుండే స్లాట్ల దగ్గర: విరిచి తీసే రకం పట్టీలు పెడతారు, విరిచిన చోట జింకు పూత ఉండదు, పైగా ఆ పట్టీని తిరిగి పెట్టే వీలు లేక రంధ్రం అలాగే మిగిలిపోతుంది. మీకు ఉప్పు గాలి లేకపోయినా ఆ రంధ్రం దుమ్ముకు దారి. స్క్రూతో బిగించి, తీసి, మళ్లీ పెట్టుకోగలిగే పట్టీలున్నది తీసుకోండి. పక్క రేకును బొటనవేలితో నొక్కి చూడండి; డబ్బా రేకులాగా లోపలికి పోయి టప్పుమంటే, రెండు డిస్కులు తిరిగేటప్పుడు అది మోగుతూనే ఉంటుంది.

మళ్లీ బల్లార్షా నుంచి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఏడు ఫ్యాన్ల మోజు వదిలిపోయింది. డిస్కుల సంగతి నాకు అసలు తట్టలేదు. నా గ్రాఫిక్స్ కార్డు డబ్బా చూశాను, పొడవు 250 మిల్లీమీటర్లే, దానితో ఇబ్బంది లేదు.

ఇంకా రెండు సందేహాలున్నాయి. పాత ఇనుప క్యాబినెట్‌ను చెప్పులు లేకుండా ముట్టుకుంటే చేతికి సన్నగా జివ్వుమనేది, టెస్టర్ పెడితే వెలిగేది. కొత్తది కూడా ఇనుముదే కాబట్టి అలాగే ఉంటుందా, ప్లాస్టిక్ ఎక్కువున్నది తీసుకోవాలా? రెండవది, జాలీ క్యాబినెట్‌కు కూడా పక్కన ఒక అద్దం పలక ఉంది. ఫిల్టరు కడిగినప్పుడల్లా, లోపల ఊదినప్పుడల్లా ఆ అద్దం తీసి పెట్టాలంటే భయంగా ఉంది. కంప్యూటర్ కొట్లుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొని, కాగజ్‌నగర్ మీదుగా రైల్లో తెచ్చుకోవాలని అనుకుంటున్నాను.

జవాబు: రాయగడ

ఆ జివ్వుమనడం క్యాబినెట్ తప్పు కాదండీ, మీ ఇంటి ఎర్తింగ్ తప్పు. ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్ గోలను అణచడానికి ఫేజుకూ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్నుకు సరైన ఎర్త్ అందినప్పుడు వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ బాడీ 230 వోల్టులలో సగం దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అయినా దాన్ని అలా వదలకూడదు: రేపు ఎస్‌ఎంపీఎస్‌లో నిజంగా ఫేజు బాడీకి తగిలితే మిమ్మల్ని కాపాడేది ఆ మూడో తీగే. పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు పెట్టి వెనక రెండే తీగలు కలిపిన బోర్డులు నేను ఎన్నో చూశాను. క్యాబినెట్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గుకు ఎర్త్ వేయించండి. ప్లాస్టిక్ పెట్టెతో జివ్వుమనడం దాగుతుందే గాని పోదు.

అద్దం గురించి: టెంపర్డ్ గాజు మధ్యలో ఎంతో గట్టిది, అంచున మాత్రం చాలా సున్నితం. టైల్స్ నేల మీద అంచు ఆనేటట్టు నిలబెడితే చిన్న తాకిడికే మొత్తం పొడిపొడిగా రాలిపోవచ్చు. నేల మీద మడిచిన దుప్పటి వేసి, దాని మీద పడుకోబెట్టండి. అద్దానికి కన్నాలు చేసి నాలుగు మూలలా స్క్రూలతో బిగించే రకం వద్దు, ఎక్కువ బిగిస్తే అక్కడే చిట్లుతుంది. ఇనుప చట్రంలో కూర్చుని వెనకకు జారేదో, తలుపులాగా తెరుచుకునేదో నయం. అదే క్యాబినెట్‌ను రేకు పలకతో కూడా అమ్ముతుంటే నేనైతే అదే తీసుకుంటాను.

రైల్లో తెచ్చేటప్పుడు థర్మోకోల్ తీయకుండా అసలు డబ్బాలోనే తెచ్చుకోండి. ఏడెనిమిది కిలోలుంటుంది. కార్డునూ కూలర్‌నూ కొట్లోనే బిగించి ఇస్తామంటే ఒప్పుకోకండి. బరువైన కూలర్ కుదుపులకు బోర్డును వంచుతుంది. వాటిని విడి డబ్బాల్లో తెచ్చుకుని, మీ ఇంట్లోనే బిగించుకోవాలి.

మళ్లీ ధర్మాబాద్ నుంచి

బరంపురం వారి సవరణను ఒప్పుకుంటున్నాను, ఫిల్టరు మూసుకుపోయాక నా లెక్క నిలవదు. నీళ్ల కూలర్ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, అందుకే మళ్లీ రాస్తున్నాను. మన ఎండ పొడి ఎండ కాబట్టి మే నెలలో కూలర్ గదిని పది డిగ్రీలకు పైగా చల్లబరుస్తుంది, కంప్యూటరుకు అంతకంటే మంచి సాయం లేదు. లోపలి వస్తువులు గది కంటే వేడిగానే ఉంటాయి కనుక వాటి మీద తేమ చెమ్మగిల్లదు. ప్రమాదం నీటి తుంపరలతో మాత్రమే. ప్యాడ్ అతిగా తడిసినప్పుడు గాలితో పాటు సన్నని బొట్లు ఎగురుతాయి, బోరు నీళ్లయితే ఆ బొట్లు ఆరిన చోట తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది, దాని మీద బొగ్గు నుసి అంటుకుంటే ఏ బ్లోయర్‌కూ లొంగదు. క్యాబినెట్‌ను కూలర్ గాలికి ఎదురుగా కాకుండా పక్కగా, నేల మీద కాకుండా జానెడు ఎత్తున, గోడకు జానెడు దూరంలో పెట్టండి.

జాలీ క్యాబినెట్‌లలో రంగు దీపాలున్నది తీసుకున్నా తప్పు లేదు, చూసేవారికి ముచ్చటగా ఉంటుంది. ఆ దీపాల తీగ అయిదు వోల్టులదా పన్నెండు వోల్టులదా అన్నది బోర్డు మీద చూసి కలపండి. మూడు పిన్నులది అయిదు, నాలుగు పిన్నులది పన్నెండు. తారుమారైతే దీపాలు మొదటి రోజే మాడిపోతాయి, వారంటీలో కూడా మార్చరు.

చివరిగా బల్లార్షా నుంచి

నిన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు బోర్డు విప్పారు. రాయగడ వారు చెప్పినట్టే మూడో రంధ్రం వెనక తీగే లేదు. ఎర్త్ తీగ లాగించాను, పాత క్యాబినెట్ ఇప్పుడు టెస్టర్‌కు వెలగడం లేదు. చెక్క అరను విప్పించి, దాని పలకలతోనే కిటికీకి దూరంగా, నీళ్ల కూలర్‌కు పక్కగా ఒక చిన్న పీట చేయించాను.

వచ్చే ఆదివారం దాటాక సికింద్రాబాద్ వెళుతున్నాను. రేకు పక్క పలక ఉన్న జాలీ క్యాబినెట్ దొరికితే అదే, లేకపోతే చట్రంలో కూర్చునే అద్దం ఉన్నది తీసుకుంటాను. నా కార్డునూ కూలర్‌నూ కొలిచిన అంకెలు, డిస్కుల పంజరం ఎక్కడుండాలో గీసిన బొమ్మ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. కొట్లో ముందు పలకనూ, కింది ఫిల్టరునూ నా చేత్తో లాగి చూసిన తర్వాతే డబ్బు కడతాను. అలా విప్పి చూడనివ్వరంటే పక్క కొట్టుకు వెళతాను, ఆ భవనంలో కొట్లకేమీ కొదవ లేదు.